మూడేళ్లు ఒకే గడపకు: దత్తత కుటుంబాల దగ్గర వైద్యం నేర్చుకోవడం ఎలా

జాతీయ వైద్య కమిషన్ 2022లో కుటుంబ దత్తత కార్యక్రమాన్ని ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో చేర్చింది. దాని ప్రకారం ప్రతి విద్యార్థికీ కనీసం మూడు కుటుంబాలను అప్పగిస్తారు. మొదటి సంవత్సరంలో 27 గంటలు, రెండో సంవత్సరంలో 30, మూడో సంవత్సరంలో 21, మొత్తం 78 గంటలు ఆ కుటుంబాల కోసం కేటాయించారు. లెక్కవేస్తే ఇది మూడు రోజుల ఆరు గంటలు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1971లో మొదలుపెట్టిన గ్రామీణ శిక్షణలో విద్యార్థులు తొమ్మిది నెలలపాటు ఒకే ఊళ్లో ఉండి, గర్భిణి కాన్పునూ ముసలాయన గుండెజబ్బునూ ఒకే చోట, మొదటినుంచి చివరిదాకా చూస్తారు. మన దేశంలో సేవాగ్రామ్ వైద్య కళాశాల 1969లో మొదలైన నాటినుంచీ విద్యార్థులను పల్లెలతో ముడిపెట్టింది. వాళ్లతో పోలిస్తే మన గంటలు చాలా తక్కువ. అయితే ఆ తక్కువ గంటలు మూడేళ్ల పొడవునా పరుచుకుని ఉన్నాయి కాబట్టి, ఏ నెలలో వెళ్తున్నారు, పోయినసారి ఏ ప్రశ్న మిగిల్చి వచ్చారు అన్నదాన్ని బట్టే మీకు వైద్యం వస్తుందో హాజరు మాత్రమే పడుతుందో తేలిపోతుంది. హైదరాబాద్‌లో సామాజిక వైద్యం బోధిస్తూ, బస్సు నిండా విద్యార్థులను చేవెళ్ల దారిలోనూ ఇబ్రహీంపట్నం దారిలోనూ తీసుకువెళ్లి తీసుకువచ్చిన అనుభవంతో ఈ పద్ధతిని రాస్తున్నాను.

బస్సు ఎక్కేముందు

ముందుగా దత్తత అనే మాటను కళాశాలలోనే వదిలేయండి. నాయకుడు దత్తత తీసుకుంటే ఊరికి బోరు పడుతుందనీ, కంపెనీ తీసుకుంటే బడికి బెంచీలు వస్తాయనీ ఊరివాళ్లు విని ఉన్నారు. మీరు ఆ మాట పలికితే, ఏమిస్తారన్నది వాళ్ల తొలి ప్రశ్న అవుతుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు. "డాక్టర్ చదువు చదువుతున్నాం, మూడేళ్లు అప్పుడప్పుడు వచ్చి మీ దగ్గర నేర్చుకుంటాం" అని చెప్పడమే నిజం, అదే చాలు.

ఊళ్లో అందరికన్నా ముందు ఆశా కార్యకర్తను కలవండి. సుమారు వెయ్యి మందికి ఒక ఆశా ఉంటుంది. ఎవరింట్లో గర్భిణి ఉంది, ఎవరికి పక్షవాతం వచ్చింది, ఎవరి గడప తొక్కాలంటే ఎవరితో చెప్పి వెళ్లాలి అన్న సంగతులు ఆమెకు తెలిసినంతగా ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. ఆమెను ఊరివాళ్లలాగే "ఆశమ్మా" అనో, వయసును బట్టి "అక్కా" అనో పిలవండి. దారి చూపించే మనిషిగా మాత్రమే వాడుకుని వదిలేస్తే రెండో నెల నుంచి ఆమెకు మీరు బరువవుతారు. తర్వాత పల్లె దవాఖానాలో ఏఎన్ఎంనూ, అంగన్‌వాడీ టీచర్‌నూ పలకరించి, టీకాల రోజు ఏది, బీపీ షుగర్ మందులు ఎప్పుడు పంచుతారు, మనిషికి బాగా లేకపోతే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లే బస్సు ఎన్ని గంటలకు అన్నవి రాసుకోండి. మూడో సందర్శన నాటికి ఈ వివరాలు మీ చేతిలో లేకపోతే మీరిచ్చే సలహాలన్నీ గాలిలో మాటలే.

మొదటి రోజు

మొదటి రోజు బీపీ మిషన్‌ను సంచిలోనుంచి తీయవద్దు. ఈ మాటకు విద్యార్థులు నిరాశపడతారని నాకు తెలుసు. కొత్త స్టెతస్కోపు మెడలో వేసుకున్నవాళ్లకు దాన్ని వాడకుండా కూర్చోవడం కష్టమే. కానీ పట్టీ చుట్టిన మరుక్షణం మీరు ఉచిత శిబిరానికి వచ్చిన డాక్టర్లయిపోతారు, ఇంటివాళ్లు రోగులైపోతారు, పక్కింటివాళ్లు వరుసలో నిలబడతారు. ఆ రోజు కూర్చోమన్నచోట కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగి, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎవరు ఏ పనికి వెళ్తారు, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నవి మాత్రమే తెలుసుకోండి. వయసును బట్టి అవ్వా, తాతా, పెద్దమ్మా, అన్నా అని పిలవండి. ముస్లింల ఇళ్లలో ఖాలా, చాచా అంటే సరిపోతుంది, దక్కనీ ఉర్దూ నాలుగు ముక్కలు వస్తే ఇంకా మంచిది. "పేషెంట్" అన్న మాట ఇంట్లో వద్దు.

అనుమతి అడిగేటప్పుడు నాలుగు సంగతులు విడివిడిగా చెప్పండి. చెప్పిన వివరాలు మీ పుస్తకంలో ఉంటాయని, వాటిని మీ అధ్యాపకులు చూస్తారని, వద్దనుకుంటే ఎప్పుడైనా మానేయవచ్చని, మానేసినందువల్ల సర్కారు దవాఖానాలో వాళ్లకు రావలసింది ఏదీ ఆగదని స్పష్టం చేయండి. ఫొటో తీయవద్దు. ఇంటిముందు నిలబడి బృందంతో తీసుకున్న సెల్ఫీ కూడా ఆ ఇంటి గుట్టును బయటపెడుతుంది.

భాష గురించి ఒక మాట. కోస్తా నుంచి వచ్చిన విద్యార్థులకూ, పుస్తకం తెలుగు మాత్రమే తెలిసిన నగరం పిల్లలకూ ఇక్కడి మాటలు మొదట్లో తికమకగా ఉంటాయి. "పానం మంచిగ లేదు" అంటే ఒంట్లో బాగా లేదని, "దమ్మొస్తుంది" అంటే ఆయాసమని, "పసిరికలు" అంటే కామెర్లని తెలియకపోతే రోగచరిత్ర మొదటి వాక్యం దగ్గరే దారి తప్పుతుంది. వాళ్లు అన్న మాటను అన్నట్టుగానే పుస్తకంలో రాసి, దాని పక్కన మీకు అర్థమైన వైద్యపదం రాయండి. ఆరు నెలల తర్వాత ఆ రెంటినీ పోల్చి చూసుకుంటే, మీరు ఎక్కడ తొందరపడ్డారో మీకే కనిపిస్తుంది.

కుటుంబ పుస్తకం

కళాశాల ఇచ్చే లాగ్‌బుక్ హాజరుకూ మార్కులకూ పనికొస్తుంది. దానికి తోడు ప్రతి కుటుంబానికీ ఒక వంద పేజీల నోట్‌బుక్ పెట్టుకోండి. అందులో ఇంటి పేర్లకు బదులు సంకేతాలు వాడండి. మొదటి పేజీలో మూడు తరాల వంశవృక్షం గీసి, షుగర్, బీపీ, గుండెపోటు, క్షయ, మూర్ఛ ఎవరెవరికి ఉన్నాయో గుర్తుపెట్టండి. ఆ తర్వాత ప్రతి సందర్శననూ తేదీ వేసి రాయండి, ప్రతి పేజీ చివర ఒకే ఒక ప్రశ్న మిగల్చండి: "తాత రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడు?", "కోడలికి ఐరన్ మాత్రలు పడటం లేదన్నది నిజమేనా, లేక అత్తకు ఇష్టం లేదా?" తర్వాతిసారి గడపలో అడుగుపెట్టేముందు ఆ పేజీ చదవండి. పోయినసారి చెప్పిన మోకాలి నొప్పి గురించి మీరు అడిగిన క్షణం నుంచే మీ 78 గంటలకు విలువ మొదలవుతుంది.

మందుల గురించి నోటిమాట నమ్మి రాయవద్దు. కొన్నేళ్ల కిందట నా విద్యార్థిని ఒకరు ఒక పెద్దమ్మ విషయంలో వరుసగా మూడు సందర్శనల్లో "బీపీ మాత్రలు క్రమంగా వాడుతున్నారు" అని రాసింది. నేను చదివి సంతకం పెట్టాను. నాలుగోసారి బీపీ ఎందుకు తగ్గడం లేదో తేలక, మందులు చూపించమని అడిగితే ఆమె బియ్యం డబ్బా మీదున్న ప్లాస్టిక్ కవర్ తెచ్చింది. అందులో రెండు నెలల మాత్రలు కదలకుండా ఉన్నాయి. ముందు వాడిన గోళీ ఒక రంగు, దవాఖానాలో తర్వాత ఇచ్చింది ఇంకో రంగు. వేరే రోగం మందు పొరపాటున ఇచ్చారనుకుని, అడిగితే నర్సమ్మ కోప్పడుతుందేమోనని ఆమె ఊరుకుంది. వాడుతున్నారా అని అడిగితే అవునని చెప్పడం మర్యాద అనుకుంది. తప్పు ఆమెది కాదు, మూడుసార్లు అడగవలసిన విధంగా అడగని మాది. అప్పటినుంచి మా విభాగంలో ఒక నియమం పెట్టుకున్నాం: కవర్ తెప్పించి, తేదీ చూసి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, ఆ అంకె రాయాలి.

కొలతలు

రెండో లేదా మూడో సందర్శన నుంచి కొలతలు మొదలుపెట్టండి. బీపీ చూసేముందు మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. వీపుకు ఆనుడు, కాళ్లు నేలమీద, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. అంతకుముందు అరగంటలో చాయ్, బీడీ తాగి ఉండకూడదు, కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. పల్లె ఇంట్లో ఇవన్నీ కుదరవు: కుర్చీ ఉండదు, అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, మీరు రాగానే పెట్టిన చాయ్ వాళ్లూ తాగుతారు. కుదరనిది ఏదో అంకె పక్కనే రాయండి. మొదట నాడి పట్టుకుని పట్టీలో గాలి నింపి, నాడి ఎక్కడ ఆగిందో చూసి, ఆ తర్వాతే స్టెతస్కోపు పెట్టండి. రెండుసార్లు కొలిచి రెండూ రాయండి. ఒక్కరోజు 150 వచ్చినంత మాత్రాన "మీకు బీపీ ఉంది" అనే అధికారం మీకు లేదు. మళ్లీ చూసి, 140/90 లేదా అంతకన్నా ఎక్కువగానే ఉంటే వైద్యాధికారి దగ్గరకు పంపండి.

ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు ఆశా దగ్గర ఒక మదింపు పత్రం ఉంటుంది. పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, వ్యాయామం, కుటుంబంలో జబ్బుల వంటివాటికి మార్కులు వేసి, నాలుగు దాటినవాళ్లను ముందుగా పరీక్షకు పంపుతారు. ఆమె పక్కన కూర్చుని ఒకటి మీరు నింపండి. ఐదేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీలో బరువు, ఎత్తు తూచేరోజున వెళ్లి మీరూ తూచండి. ఆరు నెలలు దాటిన పిల్లల దండచేయి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువుంటే అది తీవ్ర పోషకాహార లోపం, అక్కడితో మీ చదువు ఆపి టీచర్‌నూ ఏఎన్ఎంనూ పిలవాలి.

ఉప్పు గురించి పుస్తకంలో ఉన్న ప్రశ్న ఎవరికీ పనికిరాదు. రోజుకు ఎన్ని గ్రాములు తింటారని అడిగితే ఏ ఇల్లాలు చెప్పగలదు? కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్ని రోజులొస్తుందని అడగండి. నలుగురున్న ఇంట్లో 25 రోజులొస్తే తలకు రోజుకు పది గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పరిమితి ఐదు గ్రాములు. ఆవకాయకు పట్టే ఉప్పు, పక్కింటికి ఇచ్చిన గిన్నెడు ఈ లెక్కలోకి రావు, కాబట్టి ఇది ఉజ్జాయింపు మాత్రమే. అయినా తన ప్యాకెట్ నుంచి వచ్చిన అంకెను ఇల్లాలు నమ్ముతుంది. నూనెకూ ఇదే దారి.

ఏ నెలలో ఏం చూడాలి

ఈ శిక్షణలో అసలు సారం ఇక్కడుంది, కళాశాలల టైంటేబుల్‌లో ఎక్కువగా దెబ్బతినేదీ ఇదే. వారం మధ్యలో ఉదయం తొమ్మిదింటికి బస్సు దిగి పన్నెండింటికి ఎక్కితే మీకు కనిపించేది ముసలివాళ్లూ పసిపిల్లలూ మాత్రమే. పూలూ కూరగాయలూ అమ్ముకునేవాళ్లు తెల్లవారకముందే మార్కెట్‌కు వెళ్లిపోతారు, కంపెనీల్లో పనిచేసేవాళ్లు షిఫ్టులో ఉంటారు. ఏడాదికి రెండు సందర్శనలైనా ఆదివారమో సాయంత్రమో పెట్టమని మీ మెంటర్‌ను అడగండి. అడిగితే సగంసార్లు ఒప్పుకుంటారు.

వానాకాలం మొదట్లో ఇంటి చుట్టూ తిరగండి. డెంగీ దోమ పగలు కుడుతుంది, శుభ్రమైన నిలవ నీటిలో గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ కావడానికి ఇంచుమించు వారం పడుతుంది. వారానికొకసారి డ్రమ్మూ కూలరూ ఖాళీచేసి తోమమనడం వెనకున్న కారణం ఇదే. డ్రమ్ములో నీళ్లు కొద్దిగా తీసి, గిన్నెలో పోసి, తోకాడిస్తున్న పురుగులను ఇంటివాళ్లకే చూపించండి. జ్వరం వచ్చినప్పుడు ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం అలవాటు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ప్రమాదకరమని, జ్వరం తగ్గుముఖం పట్టాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుంచి రక్తం, మత్తుగా పడుకోవడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదని ముందే చెప్పి ఉంచండి. జ్వరం తగ్గింది కదా అని ఊరుకునే ఇళ్లలోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఆషాఢంలో బోనాలు. ఆ నెలలో కల్లు గురించి అడిగితే ఎవరూ దాచరు, మిగతా నెలల్లో దాస్తారు. కల్తీ కల్లుకు అలవాటుపడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, పిచ్చిమాటలు, ఫిట్స్ రావచ్చు. అలా ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు చేరినవాళ్లు ఈ రాష్ట్రంలో ఉన్నారు. అందుకని "రేపటినుంచి మానేయ్ కాకా" అని మీరు ఇచ్చే మంచి సలహా చెడు చేయవచ్చు. ముందు డాక్టర్ దగ్గరకు తీసుకువెళ్లాలి.

రంజాన్ ఏ నెలలో వస్తుందో క్యాలెండర్ చూసుకుని, షుగర్ ఉన్నవాళ్ల ఇంటికి అంతకు ఒకటి రెండు నెలల ముందే వెళ్లండి. ఉపవాసం ఉండవచ్చా, మాత్రల వేళలు ఎలా మార్చాలి అన్నవి వైద్యుడు నిర్ణయించాలి. ఆ సంప్రదింపు సకాలంలో జరిగేలా చూడటం మీ పని. షుగర్ 70కన్నా తగ్గితే రోజా విరమించాలన్న మాట ఇంట్లో అందరికీ తెలియాలి. ఉపవాసం ఉన్నప్పుడు వేలినుంచి చుక్క రక్తం తీసి పరీక్షించుకోవడం తప్పుకాదని మతపెద్దలు చాలామంది అంటారు, మసీదు ఇమామ్‌తో ఆ మాట చెప్పించగలిగితే మీ ఉపన్యాసం అక్కర్లేదు.

ఎండాకాలంలో సెలవులని ఊరికి వెళ్లిపోకుండా ఒక్కసారైనా మే నెలలో ఆ రేకుల ఇంట్లో మధ్యాహ్నం కూర్చోండి. ఉపాధి హామీ పనినుంచి వచ్చిన మనిషి ఎన్ని నీళ్లు తాగాడో లెక్కవేయండి. మూత్రం ఎక్కువ చేసే బీపీ మాత్రలు వాడేవాళ్లకు ఈ నెలల్లో కళ్లు తిరుగుతాయి. ముందు పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి రెండుసార్లు బీపీ కొలిచి, తేడా ఉంటే వైద్యాధికారికి చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లు తినే మామిడిపళ్ల సంగతి కూడా అప్పుడే తేలుతుంది.

వార్డుతో ముడి

మెడిసిన్, గైనిక్, పిల్లల పోస్టింగుల్లో నేర్చినదాన్ని ఆ వారమే మీ ఇళ్లలో వెతకండి. అంతకన్నా ముఖ్యమైనది, మీ కుటుంబంలో ఒకరు గాంధీకో ఉస్మానియాకో నిలోఫర్‌కో వెళ్లవలసి వచ్చినప్పుడు ఒకసారి వాళ్లతో పాటు మొదటి బస్సునుంచి వెళ్లండి. తెల్లకోటు వేసుకోవద్దు. ఓపీ చీటీ వరుసలో నిలబడండి, రక్తపరీక్షకు ఒక గది, రిపోర్టుకు ఇంకో రోజు అన్నది వాళ్లతో కలిసి అనుభవించండి, ఆ రోజు పోయిన కూలీ ఎంతో అడిగి రాయండి. "మందులు మధ్యలో మానేశాడు" అని కేసు షీటులో రాసే వాక్యాన్ని ఆ తర్వాత మీరు అంత సులువుగా రాయలేరు. తెలిసిన సీనియర్ ఉన్నాడని వరుస దాటించవద్దు. ఒకసారి దాటిస్తే, దాటించలేని రోజున మీమీద నమ్మకం పోతుంది, వరుసలో ఉన్న మిగతావాళ్ల సంగతి సరేసరి.

మందులు రాయడం, మార్చడం, ఆపమనడం మీ పని కాదు. డబ్బు ఇవ్వవద్దు, తీసుకోవద్దు. పండక్కి పెట్టిన సకినాలు మాత్రం తినండి. రెండు వారాలు దాటిన దగ్గు కనిపిస్తే కఫం పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా వెంటపడండి. మనసు బాగాలేనివాళ్లకు 14416, దెబ్బలు తింటున్న ఆడవాళ్లకు 181, పిల్లల ఆపదకు 1098 నంబర్లు మీ పుస్తకం అట్టమీద ఉండాలి. గృహహింస గురించి అత్త, భర్త ఎదుట ఎన్నడూ అడగవద్దు. విన్నది ఒంటరిగా మోయకుండా అదే రోజు మెంటర్‌కు చెప్పండి. మూడేళ్లలో మీ ఇళ్లలో ఒక చావు జరగవచ్చు. కబురు తెలిస్తే వెళ్లండి, ఆ రోజు పుస్తకం తీసుకువెళ్లవద్దు.

అప్పగింత

చివరి సందర్శన చివరి రోజున చెప్పేది కాదు, దానికి రెండు సందర్శనల ముందే చెప్పాలి. ప్రతి మనిషికీ ఒక కాగితం తయారుచేయండి: వాడుతున్న మందు పేరు, వేళ, మాత్ర రంగు మారినా పేరు చూసి వాడాలన్న గమనిక, చివరి మూడు కొలతలు, మళ్లీ ఎక్కడికి ఎప్పుడు వెళ్లాలి అన్నది పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి. చదవలేని ఇళ్లలో పొద్దుకు సూర్యుడు, రాత్రికి చంద్రుడు గీయండి. ఒక నకలు పల్లె దవాఖానాలో ఇవ్వండి. తర్వాతి బ్యాచ్‌కు అదే కుటుంబాన్ని ఇచ్చేలా మీ విభాగాన్ని ఒప్పించగలిగితే, జూనియర్‌ను వెంట తీసుకువెళ్లి, "అవ్వా, ఇగ ఈ చెల్లె వస్తది" అని చెప్పి మీరు ఒక పక్కకు కూర్చోండి. ఆ రోజు బీపీ ఆమెచేతే చూపించండి, అంకె ఆమె చేతిరాతతోనే పుస్తకంలో పడనివ్వండి, దాని కింద మీరు మిగిల్చిన ప్రశ్నను ఆమెకు చదివి వినిపించండి.